బేరింగులు మార్చినా వంకర పోలేదు: ఆటోనగర్‌లో ఒక పిల్లర్ డ్రిల్ కేసు

జూన్ మొదటి వారం, వాన ఇంకా పడలేదు గానీ గాలంతా ఉప్పు తడితో బరువుగా ఉంది, చొక్కా ఒంటికి అంటుకుపోయే రోజులు. విశాఖ ఆటోనగర్‌లో ఒక ఫాబ్రికేషన్ షెడ్ నుంచి ఫోన్ వచ్చింది. "బాబూ, డ్రిల్ మిషన్‌కి బేరింగులు మార్పించి పదిహేను రోజులు కాలేదు, మళ్ళీ అదే గోల, ఒకసారొచ్చి చూసి వెళ్ళవా" అన్నారు ఓనర్ గారు. మనిషి పెద్దాయన, ఊరికే కంగారు పడేవారు కాదు, గొంతులోనే తెలిసిపోయింది జాబ్ ఏదో వెనక్కి వచ్చిందని.

వెళ్ళి చూస్తే అదే. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకి ఇంజిన్ కింద వేసే ప్లేట్లు, 16 ఎంఎం ఎంఎస్ (మామూలు మెత్తటి ఉక్కు), ఒక్కో ప్లేటుకి నాలుగు హోల్స్ వేసి ఎం12 ట్యాప్ కొట్టాలి, అంటే 12 ఎంఎం బోల్ట్ పట్టే మర లోపల కొయ్యాలి. మొత్తం 60 ప్లేట్లలో సగం పంపారంట, అవతలివాళ్ళు బోల్ట్ బిగిస్తే చేతికే ఆడుతోంది, గట్టిగా బిగిస్తే మర ఊడిపోతోంది, అన్నీ తిప్పి పంపేశారు. ఎం12కి పిచ్, అంటే మరకీ మరకీ మధ్య దూరం, 1.75 ఎంఎం, మర కొయ్యడానికి ముందు వేసే హోల్‌కి ట్యాపింగ్ డ్రిల్ 10.2 ఎంఎం, మామూలు 6హెచ్ (మర కొలతల గ్రేడ్) ఫిట్‌లో లోపలి వ్యాసం ఎక్కువలో ఎక్కువ 10.44 దాకా ఒప్పుకుంటారు, అది దాటితే మర ఎత్తు తగ్గిపోతుంది, బోల్ట్ పట్టుకోవడానికి లోపల మెటలే ఉండదు. ఇంజిన్ అదురుని మోసే ప్లేట్ అది, బోటు సముద్రంలో ఉండగా బోల్ట్ లూజయితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే ఈ కేసు నాకు చిన్నదిగా అనిపించలేదు.

మిషన్ ఏంటంటే 20 ఎంఎం కెపాసిటీ పిల్లర్ డ్రిల్ (నిలువు స్తంభానికి బిగించిన డ్రిల్ మిషన్), రాజ్‌కోట్ తయారీ, బిట్‌ని తిప్పే షాఫ్ట్, అంటే స్పిండిల్‌లో ఎంటీ2 టేపర్ (మోర్స్ టేపర్ రెండో నంబర్, పోనుపోనూ సన్నబడే బొక్క), పైన స్టెప్ పుల్లీలు, ఎ సెక్షన్ వి-బెల్ట్, ఒక హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు. కంప్లైంట్లు నాలుగు చెప్పారు, హోల్ పెద్దదవుతోంది, బిట్లు విరుగుతున్నాయి, చప్పుడొస్తోంది, బెల్ట్ జారుతోంది. ముందు వచ్చిన మెకానిక్ స్పిండిల్ దింపి బేరింగులు మార్చి, బెల్ట్ గట్టిగా లాగి బిగించి వెళ్ళిపోయాడు. పాత బేరింగులు డ్రాయర్లోనే ఉంచారు ఓనర్ గారు, తీసి వేలికి తగిలించి తిప్పి చూశాను, గరగర లేదు, ప్లే లేదు, బంగారంలా ఉన్నాయి. అంటే మార్చాల్సిన అవసరమే లేని వాటిని మార్చారు. ఆ మనిషిని తప్పు పట్టడానికి చెప్పట్లేదు, బిట్‌ని పట్టే చక్ ఊగితే బేరింగ్ పోయిందని అనుకోవడం మన ఫీల్డ్‌లో అందరికీ ఉన్న అలవాటే, నేనూ చాలా ఏళ్ళ కిందట మర్రిపాలెంలో ఒక మిషన్‌కి అలాగే మార్చి కస్టమర్ డబ్బు వృథా చేశాను, ఆ బాధ ఇంకా ఉంది. అప్పట్నుంచి డయల్ గేజ్ (సూదితో అతి చిన్న కదలిక చూపించే పరికరం) పెట్టకుండా స్పానర్ ముట్టుకోను.

వెంటనే ఏదీ విప్పలేదు. ముందు మెషిన్ ఎలా ఉందో అలాగే ఒక హోల్ వెయ్యమన్నాను, ఆపరేటర్ కుర్రాడిని. ప్లేటుని చేత్తో పట్టుకుని వెయ్యబోయాడు, ఆపేశాను. 16 ఎంఎం ప్లేట్ బరువుగా ఉంటుంది కదా తిరగదులే అనుకుంటారు, బిట్ అవతలికి చీల్చుకుని బయటపడే క్షణంలో పట్టేస్తుంది, అప్పుడు ప్లేట్ కత్తిలా తిరుగుతుంది. కనీసం టేబుల్ మీద టీ-స్లాట్‌లో ఒక బోల్ట్ నిలబెట్టి దానికి ఆనించాలి, లేదా పొడవు ప్లేట్ అయితే ఎడమ చివర పిల్లర్‌కి ఎడమ పక్కన తగిలేలా పెట్టాలి, స్పిండిల్ పై నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగేవైపే తిరుగుతుంది కాబట్టి ప్లేట్ పిల్లర్‌కే వెళ్ళి ఆగుతుంది, మన పొట్ట మీదకి రాదు. గ్లవ్స్ కూడా తీయించాను, డ్రిల్ దగ్గర గ్లవ్స్ వద్దు, బిట్‌కి చుట్టుకుంటే చెయ్యి వెనక్కి లాక్కోలేం.

క్లాంప్ వేసి హోల్ వేశాడు. వేస్తుంటే నేను చూసింది బిట్‌ని కాదు, చిప్‌ని. బాగా పట్టిన బిట్ నుంచి రెండు పక్కలా రెండు సమానమైన చుట్టలు పైకి లేస్తాయి, ఒకేలా, జడల్లాగ. ఇక్కడ ఒక పక్కనుంచి పొడుగాటి చుట్ట వస్తోంది, రెండో పక్క నుంచి రజను రాలుతోంది, పొడిపొడిగా. అంటే బిట్ మొన దగ్గర కోసే అంచులు, పెదాలు అంటాం, ఆ రెండు పెదాల్లో ఒకటే కోస్తోంది, రెండోది రుద్దుతోంది. బిట్ తీసి చూస్తే ఒక పెదం పొడుగు, ఒకటి పొట్టి, చేత్తో గ్రైండింగ్ చేసినప్పుడు గేజ్ పెట్టలేదు. మామూలు ఎంఎస్‌కి పాయింట్ యాంగిల్ 118 డిగ్రీలు, అంటే మధ్యగీత నుంచి ఒక్కో పక్కకి 59, ఆ 59 గేజ్ రెండు పక్కలా ఆనించి పొడుగు కూడా సమానంగా ఉందో లేదో చూసుకోవాలి. పొడుగు తేడా ఉంటే బిట్ మొన సరిగ్గా మధ్యలో ఉండదు, పొడుగు పెదం ఎంత దూరం వెళ్తే హోల్ అంత పెద్దదవుతుంది. పైగా మూలలు నీలం రంగుకి తిరిగి ఉన్నాయి, స్పీడ్ ఎక్కువన్న మాట.

సరే, బిట్ తప్పు ఒకటి దొరికింది. కానీ చాలామంది ఇక్కడే ఆగిపోతారు. బిట్ ఒక్కటే కారణం అయితే కొత్త బిట్ వెయ్యగానే హోల్ సైజుకి రావాలి. హోల్ కొలవడానికి నా దగ్గర గ్రైండ్ చేయించుకున్న పిన్నులు ఉన్నాయి, 10.2 నుంచి 10.7 దాకా 0.1 తేడాతో. చిన్న హోల్‌ని వెర్నియర్ లోపలి జాలతో (దవడలతో) కొలవకండి, ఆ జాల అంచులు చదునుగా ఉంటాయి కాబట్టి గుండ్రటి గోడకి పూర్తిగా ఆనవు, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. పాత బిట్‌తో వేసిన హోల్‌లోకి 10.6 పిన్ దిగింది. కొత్త బిట్ పెట్టి వేస్తే 10.4 దిగింది, 10.5 దిగలేదు. తగ్గింది గానీ పోలేదు. కాబట్టి మిషన్ తప్పు కూడా ఉంది.

ఇక్కడి నుంచి అసలు పని. చక్‌లో ఒక గ్రౌండ్ రాడ్ బిగించి, చక్ కిందకి 50 ఎంఎం దగ్గర డయల్ ఆనించి, బెల్ట్ తీసేసి చేత్తో స్పిండిల్ మెల్లగా తిప్పాను. సూది 0.38 ఎంఎం ఊగింది. ఎంటీ2 స్పిండిల్ ఉన్న మిషన్‌కి అది చాలా ఎక్కువ, మంచి చక్ అయితే 0.05, 0.08 లోపల ఉండాలి. ఇప్పుడు ఈ 0.38 ఎక్కడ పుట్టిందో వెతకాలి. దారిలో ఉన్నవి ఇవే, బేరింగులు, స్పిండిల్, టేపర్ బొక్క, ఆర్బర్ (చక్‌ని స్పిండిల్‌కి కలిపే టేపర్ కడ్డీ), చక్. పైనుంచి కిందకి ఒక్కోటి తప్పించుకుంటూ పోవాలి. స్పిండిల్ మూతి కింద డయల్ పెట్టి పైకి కిందకి తోస్తే సూది 0.01 కన్నా కదల్లేదు, పక్కకి లాగినా అంతే, బేరింగులు నిర్దోషులు. స్పిండిల్‌ని మోస్తూ కిందకి దిగే గొట్టాన్ని, అంటే క్విల్‌ని, 80 ఎంఎం కిందకి దించి పక్కకి నొక్కితే 0.09 ఆడింది, హెడ్ బొక్కలో అరుగుదల, పాత మిషన్ కాబట్టి అంత ఉంటుంది, అది తిరిగేటప్పుడు పుట్టే వంకర కాదు, అందుకని దాన్ని పక్కన పెట్టాను.

తర్వాత ఆర్బర్ తీద్దామని డ్రిఫ్ట్ (ఆర్బర్‌ని తోసి తీసే చీల) అడిగితే, కుర్రాడు ఒక అరిగిపోయిన ఫ్లాట్ స్క్రూడ్రైవర్ తెచ్చాడు. "దీంతోనే తీస్తాం అన్నా." మా డ్రిఫ్ట్ తీసి రెండు దెబ్బలు వేశాను, చక్ ఊడొచ్చింది, దాంతో పాటు ఒక వెండి కాగితం ముక్క కింద టేబుల్ మీద పడింది. సిగరెట్ ప్యాకెట్‌లో లోపల ఉంటుంది చూడండి, అది. ఆర్బర్ చుట్టూ అది చుట్టి పెట్టారు.

"ఏంటిది" అన్నాను కుర్రాడితో. ముందు మాట్లాడలేదు, తర్వాత చెప్పాడు. "చక్ లోడ్ మీద జారిపోయి ఆగిపోతోంది అన్నా, పక్క షెడ్‌లో అన్నయ్య కాగితం చుట్టమన్నారు, చుడితే ఆగింది." ఎన్నాళ్ళ కిందట అంటే చలికాలం నుంచీ అంట.

జారడం ఎందుకు మొదలైందో ఓనర్ గారు చెప్పగా అర్థమైంది. మన విశాఖలో ఇనుము ఒక రాత్రి గాలికి వదిలేస్తే పొద్దున్నకి ఎర్రపొడి కనిపిస్తుంది, సముద్రానికి దగ్గరగా ఉన్న షెడ్లలో ఇంకా ఘోరం. అందుకని ఆయన రోజూ సాయంత్రం మిషన్ అంతా తుడిపించి నూనె పూయిస్తారు, పిల్లర్, టేబుల్, క్విల్, చక్, అంతా. చాలా మంచి అలవాటు, ఆ షెడ్‌లో మిగతా మిషన్లు అందుకే ఇన్నేళ్ళు నిలిచాయి. కాకపోతే ఒకరోజు చక్ తీసి టేపర్‌కి, స్పిండిల్ బొక్క లోపలికి కూడా నూనె పూశారు. మోర్స్ టేపర్ పట్టేది రాపిడి మీదే, సుమారు 20 ఎంఎం పొడుగుకి ఒక ఎంఎం సన్నబడే కోణం అది, రెండు పొడి లోహాలు పూర్తిగా ఒకదాన్నొకటి ఆనితేనే లోడ్ లాగుతుంది. చివర ఉన్న చదును నాలుక, టాంగ్ అంటాం, అది లోడ్ లాగడానికి ఉందనుకుంటారు చాలామంది, దాని ప్రధాన పని డ్రిఫ్ట్ తగిలి ఆర్బర్‌ని బయటకి తీయడం. నూనె పడితే టేపర్ జారుతుంది, జారినప్పుడల్లా లోడంతా టాంగ్ మీద పడుతుంది, ఈ ఆర్బర్ టాంగ్ మెలి తిరిగి ఉంది, నా వేలితో తడిమితే అంచు మెలిక తెలుస్తోంది. అది టేపర్ జారిందనడానికి సాక్ష్యం.

జారినప్పుడు రెండు లోహాలు గీరుకుని ఒక చోట మెటల్ చిన్న దిమ్మలా లేస్తుంది. ఆ దిమ్మ వల్ల టేపర్ సరిగ్గా కూర్చోదు, సరిగ్గా కూర్చోక ఇంకా జారుతుంది, ఇంకా జారిందని కాగితం చుట్టారు, కాగితం ఒక పక్క మందం ఒక పక్క పల్చన, చక్ వంకరపడింది, వంకరపడ్డ చక్‌తో బిట్లు విరిగాయి, బిట్లు విరిగాయని బేరింగులు మార్చారు.

కాగితం తీసి రెండూ శుభ్రంగా తుడిచి మళ్ళీ వేసి కొలిస్తే 0.22. ఇప్పుడు దోషం స్పిండిల్ బొక్కలో ఉందా ఆర్బర్‌లోనా అని తేల్చడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. స్పిండిల్ మీద, చక్ మీద సుద్దతో గీతలు పెట్టుకుని, డయల్ ఎక్కువ చూపించే చోటు ఎక్కడో గుర్తు పెట్టుకోవాలి, తర్వాత ఆర్బర్ తీసి 180 డిగ్రీలు తిప్పి మళ్ళీ వెయ్యాలి. ఎక్కువ చోటు చక్ గీతతో పాటు తిరిగి అటు వెళ్తే ఆర్బర్ గానీ చక్ గానీ తప్పు, స్పిండిల్ గీత దగ్గరే ఉండిపోతే బొక్క తప్పు. ఇక్కడ స్పిండిల్ గీత దగ్గరే ఉండిపోయింది. నా పెట్టెలో ఉన్న కొత్త ఆర్బర్ వేసి చూసినా 0.20, కాబట్టి బొక్కలోనే.

కొత్త ఆర్బర్ మీద మార్కింగ్ బ్లూ చాలా పల్చగా రాసి, బొక్కలో పెట్టి కొంచెం తిప్పి తీశాను. మంచి టేపర్ అయితే నీలం చుట్టూ సమానంగా చెదరాలి. ఇక్కడ మూతి దగ్గర ఒక పక్కన, లోపల ఓ 40 ఎంఎం లోతులో దానికి ఎదురు పక్కన కందిగింజంత చోట, అంతే, మిగతాదంతా తాకలేదు. ఎంటీ2 ఫినిషింగ్ రీమర్ (బొక్క గోడని సన్నగా కోసే పనిముట్టు) పెట్టి చేత్తోనే, కోసే వైపే, బరువు లేకుండా రెండు తిప్పులు తిప్పి తీసి చూస్తూ, ఆ దిమ్మ మాత్రం తీశాను. ఇక్కడ చెయ్యి ఆపుకోవాలి, బాగా మెరిసే దాకా తిప్పుదాం అనిపిస్తుంది, ఎక్కువ కోస్తే ఆర్బర్ లోతుకి వెళ్ళిపోయి టాంగ్ డ్రిఫ్ట్ కన్నాన్ని మూసేస్తుంది, డ్రిఫ్ట్ దూరదు, స్పిండిల్ పాడైనట్టే. ఎమిరీ చుట్టి రుద్దడం అసలే వద్దు, గుండ్రం పోతుంది. మూడోసారి బ్లూ పెట్టినప్పుడు ముప్పావు వంతు పొడుగు చుట్టూ పట్టింది, అక్కడ ఆపాను.

పాత ఆర్బర్ చుట్టూ గీతలు పడి ఉన్నాయి, టాంగ్ మెలిక ఎలాగూ ఉంది, కొత్తది వేయించాను. బొక్క లోపల పొడి గుడ్డ, తర్వాత థిన్నర్ తడిపిన గుడ్డ, మళ్ళీ పొడి గుడ్డ. చక్ జాలు లోపలికి దించేసి, టేబుల్ మీద చెక్క ముక్క పెట్టి, హ్యాండిల్‌తో క్విల్ దించి చక్‌ని దాని మీద గట్టిగా ఒక్కసారి నొక్కితే టేపర్ కూర్చుంటుంది, సుత్తి అక్కర్లేదు. డయల్ 0.05.

ఇక మిగతావి. టేబుల్ లెవెల్ చూద్దామని చక్‌లో వంచిన రాడ్ బిగించి దానికి డయల్ తగిలించి 200 ఎంఎం గుండ్రం టేబుల్ మీద తిప్పితే ముందు వెనక 0.6 తేడా వచ్చింది. టేబుల్ ముందుకి వాలి ఉంది. బ్రాకెట్ కింద షిమ్ము (పల్చటి రేకు) వెయ్యాలేమో అనుకున్నాను గానీ ముందు పిల్లర్ క్లాంప్ చూశాను, దాని హ్యాండిల్ ఎప్పుడో విరిగితే అక్కడ మామూలు బోల్ట్ పెట్టారు, స్పానర్ కావాలి కాబట్టి ఎవరూ బిగించట్లేదు. బిగించి కొలిస్తే 0.14. అంతే దాని కథ. హ్యాండిల్ చేయించమని చెప్పాను, నలభై నిమిషాల లేత్ పని. టేబుల్ క్లాంప్ బిగించకుండా బిట్ మీద లోడ్ వేస్తే టేబుల్ కిందకి వంగుతుంది, హోల్ ఏటవాలుగా పడుతుంది, ట్యాప్ కూడా ఏటవాలే.

బెల్ట్ సంగతి. జారుతోందని ముందు మనిషి తీగలా బిగించాడు, పక్క బేరింగ్ మీద చెయ్యి పెడితే పది నిమిషాలకే వేడి తగులుతోంది. బెల్ట్ పక్క గోడలు అద్దంలా మెరుస్తున్నాయి, నూనె పడి జారి కాలినట్టు అయ్యాయి, ఇంత మెరుపు వచ్చాక ఎంత బిగించినా పట్టదు. కొత్త బెల్ట్ వేసి, రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే ఓ 8 నుంచి 10 ఎంఎం దిగేలా వదిలాను. రెండు పుల్లీలు ఒకే వరుసలో ఉన్నాయా అని స్కేల్ ఆనించి చూసుకోవాలి, ఇక్కడ బాగానే ఉన్నాయి.

స్పీడ్ విషయంలో ఓనర్ గారితో కొంచెం వాదన జరిగింది. బెల్ట్ ఎప్పుడూ ఒకే స్టెప్‌లో ఉంచుతారు, నా టాకోమీటర్ 1420 ఆర్పీఎం (నిమిషానికి తిప్పులు) చూపించింది. హైస్పీడ్ స్టీల్ బిట్‌కి ఎంఎస్ మీద నిమిషానికి 25 మీటర్లు వేసుకుంటే, 10.2 బిట్‌కి 25000ని 3.14తోనూ 10.2తోనూ భాగిస్తే దాదాపు 780 ఆర్పీఎం. అంటే వీళ్ళు దాదాపు రెట్టింపులో తిప్పుతున్నారు. "తొందరగా అవుతుంది కదా బాబూ" అన్నారు. ఆ మూలలు నీలం తిరిగిన బిట్ చేతిలో పెట్టాను, చాలాసేపు దాన్ని తిప్పి చూశారు. బెల్ట్ ఇంకో స్టెప్‌కి మార్చితే 720 వచ్చింది, సాలుబుల్ ఆయిల్ (నీళ్ళలో కలిపే కటింగ్ నూనె) కొంచెం కొంచెంగా పోయించాను. హోల్‌కి పట్టే టైం దాదాపు అంతే, ఎందుకంటే ఇప్పుడు రెండు పెదాలూ కోస్తున్నాయి, కుర్రాడు నొక్కే బరువు సగం తగ్గింది. అదే స్టెయిన్‌లెస్ అయితే 12 మీటర్ల దగ్గరే ఆగాలి, అంటే ఇదే బిట్‌కి 375 దగ్గర, స్పీడ్ ఎక్కువై ఒక్కసారి రుద్దుకుందా ఆ చోటు గట్టిపడిపోతుంది, తర్వాత ఏ బిట్టూ దిగదు.

అన్నీ అయ్యాక మళ్ళీ హోల్స్. కొత్త బిట్, 10.2 పిన్ చేత్తో నొక్కితే దిగింది, 10.3 దిగలేదు. పాత బిట్‌ని రుబ్బకుండా అలాగే వేసి చూశాం, కావాలనే, కుర్రాడికి కనిపించాలని. 10.4 దిగింది. అంటే వంకర పోయినా బిట్ తప్పు బిట్‌కే ఉంది, రెండూ కలిసి చేసిన నష్టం అది. తర్వాత 59 గేజ్ పెట్టి అదే బిట్‌ని వాడి చేతే రుబ్బించాను, మూడోసారికి పొడుగులు సమానం అయ్యాయి, వేస్తే 10.2 దిగి 10.3 ఆగింది. రెండు పక్కలా చిప్ చుట్టలు లేచినప్పుడు వాడు నా వైపు చూసి "అన్నా, రెండూ వస్తున్నాయ్" అన్నాడు.

వెళ్ళబోతుంటే అదే షెడ్‌లో మూల ఉన్న చిన్న బెంచ్ డ్రిల్ కూడా చూడమన్నారు, సింగిల్ ఫేజ్, స్విచ్ వేస్తే హమ్ అంటుంది గానీ తిరగదు. అలా హమ్ అన్నప్పుడు ఎక్కువసేపు స్విచ్ ఆన్‌లో ఉంచకూడదు, వైండింగ్ కాలుతుంది. ముందు ఆఫ్ చేసి ప్లగ్ తీసి, స్పిండిల్ చేత్తో ఫ్రీగా తిరుగుతోందా చూశాను, తిరుగుతోంది, కాబట్టి జామ్ కాదు. కెపాసిటర్ డిశ్చార్జ్ చేసి మీటర్‌లో చూస్తే రాసిన విలువలో మూడో వంతు కూడా లేదు, మార్చాను, అయిపోయింది. దాని క్విల్ పైకి తిరిగి రావట్లేదు కూడా, స్ప్రింగ్ కొంచెం వదులు. ఆ స్ప్రింగ్ మూత ఊరికే విప్పకండి, లోపల చుట్ట స్ప్రింగ్ బిగించి ఉంటుంది, ఒక్కసారిగా విడిపోతే వేళ్ళు కోసేస్తుంది. నట్ కొంచెం వదులు చేసి మూతని ప్లయర్‌తో గట్టిగా పట్టుకుని ఒక్కో గాడి చొప్పున తిప్పి బిగించాలి.

టేపర్ గురించి వాళ్ళతో తేల్చుకున్నది ఇది. సాయంత్రం నూనె పూయడం ఆపక్కర్లేదు, పిల్లర్‌కి, టేబుల్‌కి, క్విల్‌కి బాగా పూయండి. చక్ స్పిండిల్‌లోనే ఉంటే టేపర్‌కి గాలి తగలదు, దాని జోలికి వెళ్ళొద్దు. టేపర్ బిట్ వెయ్యడానికి చక్ తీస్తే, తీసి పక్కన పెట్టిన ఆర్బర్‌కి పల్చగా నూనె రాసి గుడ్డలో చుట్టండి, మళ్ళీ వేసేముందు మాత్రం రెండు వైపులా పొడి గుడ్డతో, నూనె వాసన కూడా లేకుండా తుడవండి. స్పిండిల్ బొక్క ఖాళీగా ఒక రాత్రి ఉండాల్సి వస్తే గుడ్డ ఉండ దోపండి. స్క్రూడ్రైవర్ పక్కన పడేసి ఎంటీ2 డ్రిఫ్ట్ ఒకటి గొలుసుతో పిల్లర్‌కే వేలాడదీయించాను.

తిప్పి పంపిన ప్లేట్లలో 10.44 హద్దు దాటిన హోల్స్ ఉన్నవి పక్కన పెట్టి, ఎం14 ట్యాప్‌కి 12 ఎంఎం హోల్ వేసి పైసైజుకి తీసుకెళ్ళారు, హార్బర్ వాళ్ళని అడిగి, ఒప్పుకున్నాకే. మిగతావి కొత్తగా వేశారు.

ఆగస్టులో అటు వేరే పని మీద వెళ్తూ ఆగాను. వాన కురుస్తోంది, షెడ్ రేకులు మోగుతున్నాయి, కుర్రాడు హోల్స్ వేస్తున్నాడు, ప్లేట్ స్టాపర్ బోల్ట్‌కి ఆనించి ఉంది. మిషన్ ఆపించి రాడ్ పెట్టి కొలిస్తే 0.06. చక్ తీయించి బొక్కలోకి చూపుడువేలు పెట్టి చుట్టూ తిప్పాను. పొడిగా ఉంది, వేలికి ఏమీ అంటలేదు.